పెంచుదామా... సరికడదామా... పారేద్దామా?

పేకాట గురించి ఆడవాళ్ళ పేజీలో రాయడమేమిటని మీలో కొందరు ఈపాటికే ముక్కు మీద వేలేసుకుని ఉంటారు. "కొంపలు ముంచే ఆట, దాని ఊసు మనకెందుకమ్మా!" అనే పెద్దవాళ్ళూ ఉంటారు. కాదనను. అయితే ఒక్కసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. పెళ్ళివారింట్లో రాత్రి భోజనాలయ్యాక దుప్పటి పరిచి, పేక కట్ట విప్పి, "ఒక చెయ్యి తక్కువైంది, రావే!" అని పిలిస్తే లేచి వెళ్ళనివాళ్ళం మనలో ఎంతమందిమి?

నేను చెప్పబోయేది డబ్బులు పెట్టి ఆడమని కాదు. ఆట మధ్యలో చేతిలోని ముక్కలు చూసుకుని "ఇప్పుడేం చెయ్యాలి?" అని ఆలోచించే ఆ అర నిమిషం గురించి. ఆ అర నిమిషంలో బుర్ర ఎలా పనిచెయ్యాలో నాకు బాగా తెలిసొచ్చింది రమ్మీలో కాదు, పోకర్‌లో. నేర్పించింది న్యూజెర్సీలో ఉండే మా చిన్న మరిది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. సంక్రాంతి వచ్చిందంటే మా వైపు మగవాళ్ళు కోడిపందేల బరుల దగ్గర తేలతారు. ఆడవాళ్ళం అరిసెలూ, గొబ్బెమ్మలూ, వచ్చేపోయే చుట్టాల కాఫీలూ అయ్యాక మధ్యాహ్నం మేడ మీద గదిలో చేరతాం. పందెం చింతగింజలు. రూపాయి కనబడిందంటే మా అత్తయ్యగారు ఆట ఎత్తేస్తారు. 2024 సంక్రాంతికి వచ్చిన మరిది, "ఎప్పుడూ ఆ పదమూడు ముక్కలేనా వదినా! రెండు ముక్కల ఆట నేర్పిస్తాను, రండి" అని మా మధ్యన కూర్చున్నాడు.

ఆట వినడానికి చాలా తేలిక. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. అందరికీ కలిపి మధ్యలో ఐదు ముక్కలు పడతాయి, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. మన రెండూ ఆ ఐదూ కలిపి, అందులోంచి మంచివి ఐదు ఏరుకోవాలి. ముక్కలు పంచగానే ఒకసారి, మధ్యలో ముక్కలు పడ్డప్పుడల్లా ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పందెం నడుస్తుంది. మన వంతు వచ్చి, ముందువాళ్ళు పందెం కట్టి ఉంటే దారులు మూడే. పందెం పెంచొచ్చు, దాన్ని రైజ్ అంటారు. వాళ్ళు కట్టినంతా మనమూ కట్టి ఊరుకోవచ్చు, అది కాల్. ముక్కలు బోర్లా పెట్టి తప్పుకోవచ్చు, అది ఫోల్డ్. అప్పటిదాకా మధ్యలో వేసిన గింజలు మాత్రం తిరిగి రావు.

మూడోది మా అత్తయ్యగారికి చెప్పకుండానే అర్థమైపోయింది. "డ్రాపే కదరా!" అన్నారు. ఆవిడకి డెబ్భై దాటాయి. రమ్మీలో ఆవిడని ఓడించడం కన్నా ఆవిడ చేత ముక్కలు పెట్టించడం కష్టం. ఎందుకంటే సగం ఆటలు ఆవిడ ఆడనే ఆడరు!

రమ్మీ తెలిసినవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. 101 ఆటలో ముక్కలు చూసుకుని ఎత్తకుండానే పడేస్తే 20. ఒకసారి ముక్క ఎత్తాక పడేస్తే 40. చివరిదాకా పట్టుకుని కూర్చుని, ఎదుటివాళ్ళు షో కొట్టేసరికి మనకేమీ కలవకపోతే 80 దాకా పోతుంది. జోకర్ లేదు, ఒరిజినల్ సీక్వెన్సు లేదు, పక్కపక్క ముక్కలైనా లేవు అంటే అత్తయ్యగారు రెండోసారి చూసుకోరు. చూసుకుంటే ఆశ పుడుతుందంటారు. అలాగని ఆవిడ పిరికివాళ్ళు కాదు. ఇస్పేటు ఐదూ ఆరూ చేతిలో ఉంటే నాలుగైనా పనికొస్తుంది, ఏడైనా పనికొస్తుంది. రెండు పేకలు కనక మొత్తం నాలుగు ముక్కల కోసం ఎదురుచూడొచ్చు. అదే ఐదూ ఏడూ ఉంటే ఆరొక్కటే దిక్కు, ఉన్నవి రెండే. రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కానీ ఒకదానికి ఉన్న అవకాశం రెండోదానికి సగమే. ఈ తేడా ఆవిడకి ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆవిడ పద్ధతి సరైనదేనా అని నేనొకసారి కాగితం మీద వేసి చూశాను. చెడ్డ ముక్కలు నాలుగుసార్లు వచ్చాయనుకోండి. నాలుగుసార్లూ మొదట్లోనే పారేస్తే 80 పోతుంది. పట్టుదలగా ఆడితే, ఒకసారి అదృష్టం కలిసొచ్చి మనమే షో కొట్టామనుకుందాం, అది సున్నా. మిగతా మూడుసార్లూ తక్కువలో తక్కువ 35 చొప్పున వేసుకున్నా 105! ఆ ఒక్క షో మాత్రం పదేళ్ళు గుర్తుంటుంది. మూడుసార్లు మునిగింది ఎవరికీ గుర్తుండదు. అయితే ఊరికే పారేస్తూ కూర్చున్నా కుదరదు సుమండీ. ఐదు డ్రాపులకి 100. ఆరోదానికి ఆట బయట ఉంటాం. పోకర్‌లోనూ అంతే. ప్రతి ఆటకీ ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కొంత కట్టి తీరాలి. కదలకుండా మంచి ముక్కల కోసం కూర్చుంటే గింజల గిన్నె దానంతటదే ఖాళీ అవుతుంది. రెండు ఆసులు కలిసి రావడం 221 సార్లకి ఒకసారి. ఆ ఒక్కసారి కోసం కాచుక్కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?

ఇక మరిది చెప్పిన అసలు లెక్కకి వస్తాను. కొంచెం ఓపిగ్గా వినండి, వంటింట్లో కొలతలకన్నా కష్టమేమీ కాదు. నా చేతిలో రెండు ఆఠీన్లు. మధ్యలో పడ్డ నాలుగు ముక్కల్లో ఇంకో రెండు ఆఠీన్లు. ఆఖరి ముక్క కూడా ఆఠీనే పడితే దాదాపు ఆట నాదే, పడకపోతే నా దగ్గర ఏమీ లేనట్టే. మొత్తం ఆఠీన్లు పదమూడు, నాలుగు కనబడ్డాయి, తొమ్మిది మిగిలాయి. నేను చూడని ముక్కలు 46. అంటే నాకున్న అవకాశం అయిదింట ఒక వంతు కన్నా ఒక పిసరు తక్కువ.

ఇప్పుడు మధ్యలో 20 గింజలున్నాయి. మా తోడికోడలు ఇంకో 20 వేసింది. నేను ఉండాలంటే 20 కట్టాలి. గెలిస్తే వచ్చేది 40. అంటే మూడుసార్లకి ఒకసారైనా గెలిస్తేనే నాకు గిట్టుబాటు. నాకున్నది అయిదింట ఒకటి. పారెయ్యాలి, అంతే! అవే ముక్కలు, అదే తోడికోడలు. కానీ మధ్యలో 50 ఉండి, ఆవిడ 10 మాత్రమే వేసిందనుకోండి. పది కడితే అరవై వస్తుంది. ఏడుసార్లకి ఒకసారి గెలిచినా నష్టం లేదు. నిస్సంకోచంగా కట్టొచ్చు. చూశారా, నా చేతిలో ముక్కలు మారలేదు. మారింది వెల. "నా ముక్కలు బాగున్నాయా?" అని కాదు, "ఈ వెలకి బాగున్నాయా?" అని అడుక్కోవాలి. కూరల బజార్లో వంకాయల దగ్గర రోజూ మనం చేసే పనే ఇది. అక్కడ అర్ధరూపాయి దగ్గర కూడా గీసి గీసి అడిగే మనం పేక ముందు కూర్చునేసరికి బేరం మర్చిపోతాం.

పెంచడం సంగతి కొంచెం వేరు. మంచి ముక్కలున్నప్పుడు పెంచుతారని అందరికీ తెలుసు. మరిది చెప్పింది ఇంకోటి. సరికట్టి కూర్చుంటే గెలవడానికి ఒకటే దారి, చివర్న మన ముక్కలే పెద్దవి కావాలి. పెంచితే రెండు దార్లు. మన ముక్కలు పెద్దవైనా కావాలి, లేదా ఎదుటివాళ్ళు భయపడి పారేసినా చాలు. మధ్యలో 20 ఉన్నప్పుడు ఏమీ లేకుండా 20 వేసి దబాయిస్తే, సగం సార్లకి మించి వాళ్ళు పారేస్తేనే అది లాభం. కాబట్టి ఎవరితో ఆడుతున్నామన్నది చూసుకోవాలి. మా అత్తయ్యగారి మీద ఈ పాచిక పారుతుంది, ఆవిడ పారేస్తారు. మా ఆడపడుచు మీద పారదు. ఆవిడ చివరి ముక్క చూడకుండా చచ్చినా లేవదు! ఇంకో సంగతి, ఎవరు చివర మాట్లాడతారో వాళ్ళకి మేలు. అందరి మాటా విన్నాక నోరు విప్పడంలోని సుఖం ఉమ్మడి కుటుంబంలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం అయ్యేసరికి మా గదిలో ఒక విచిత్రం చూశాను. ఆరుగురం ఆడాం. పెంచినవాళ్ళు ఒకరో ఇద్దరో. పారేసింది ఎక్కువగా అత్తయ్యగారే. మిగతా అందరం ఒకటే మాట, "చూద్దాం". రెండు గింజలే కదా, చూద్దాం. ఇంకో నాలుగే కదా, ఇంతదాకా వచ్చాం, చూద్దాం. ఏడూ రెండూ, అదీ రెండు వేరు వేరు జాతులవి, ఈ ఆటలో అన్నిటికన్నా పనికిమాలిన జత చేతిలో పెట్టుకుని కూడా చూద్దాం! పెంచితే పెద్దరికం చేసినట్టుంటుంది, పారేస్తే ఓడినట్టుంటుంది. సరికట్టడంలో ఏ నిందా లేదు. మర్యాదగా, ఎవరినీ నొప్పించకుండా కొంచెం కొంచెంగా గిన్నె ఖాళీ అవుతుంది. మరిది నవ్వి, "అక్కడ మా స్నేహితుల్లో కొత్తగా ఆడేవాళ్ళందరూ ఇంతే వదినా. పెంచడానికి సరిపోని ముక్కలు చాలాసార్లు కట్టడానిక్కూడా సరిపోవు" అన్నాడు. చాలాసార్లే, అన్నిసార్లూ కాదు. ఇందాక పది గింజలకి అరవై వచ్చే చోట సరికట్టడమే న్యాయం. కాకపోతే మూడింటిలోనూ కారణం గట్టిగా చెప్పగలగాల్సింది దీనికే. మేము కారణం అడుక్కోకుండా చేసేదీ ఇదే.

లెక్క సరిగ్గా వేస్తే గెలుస్తామా అని అడుగుతారు. గెలవకపోవచ్చు. అమెరికాలో లాస్‌వేగాస్‌లో ఏటా జరిగే ప్రపంచ పోకర్ పోటీల్లో ప్రధాన పోటీ చివరి బల్ల దాకా వెళ్ళిన మొదటి స్త్రీ బార్బరా ఎన్‌రైట్. 1995లో. ఆవిడ చేతిలో రెండు ఎనిమిదులు. ఎదుటి వ్యక్తి చేతిలో డైమను ఆరూ మూడూ. నాలుగింట మూడు వంతులకు పైగా ఆవిడే గెలవాల్సిన ఆట. మధ్యలో పడిన ముక్కలతో అతనికి రెండు జతలు కలిశాయి, ఆవిడ అయిదో స్థానంలో బయటికి వచ్చేసింది. మనమైతే "నా రాత!" అని నెత్తి కొట్టుకుని పేక వంక చూడకపోదుము. ఆవిడ మర్నాటి ఏడు, 1996లో, ఆడా మగా అందరూ ఆడే పోటీ ఒకటి గెలిచింది. 2007లో పోకర్ ప్రముఖుల వరసలో చేర్చుకున్న మొదటి స్త్రీ కూడా ఆవిడే. ఇంకో పోకర్ క్రీడాకారిణి ఆనీ డ్యూక్ మనస్తత్వశాస్త్రం చదువుకుంది. 2018లో రాసిన పుస్తకంలో, ఫలితాన్ని బట్టి నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చేయకూడదని గట్టిగా వాదించింది. 2022లో ఎప్పుడు మానుకోవాలన్న దాని మీదే ఏకంగా ఒక పుస్తకం రాసింది.

ఇంత చదువూ లేని మా అత్తయ్యగారికి ఒక నియమం ఉంది. డ్రాప్ చేశాక "నాకు వచ్చుండే ముక్క ఏదో!" అని కట్ట తిప్పి చూడనివ్వరు. చూడబోతే చేతి మీద ఒకటి వేస్తారు. "కావాల్సిందే వచ్చుంటుందే అమ్మాయ్, దాంతో నీకేం పని?" అంటారు.

ఇదంతా చింతగింజల ముచ్చటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. మా పిన్ని కూతురు ఒకతె ఉంది, విజయవాడలో కాపురం. ఆమె అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దంది. భర్త ప్రైవేటు ఉద్యోగి, మంచివాడు. 2022లో ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు 2020లోనే నిషేధించారు. తెలంగాణలో అంతకు ముందే, 2017లో. అయినా ఫోను వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే ఉపాయాలు ఉన్నాయట. "ఇది జూదం కాదు, నైపుణ్యం. సుప్రీంకోర్టే చెప్పింది" అనేవాడు. చెప్పిన మాట నిజమే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో, రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలుసుకోవడం ముఖ్యం కనక అది మూడు ముక్కలాట లాంటిది కాదని కోర్టు అంది. కానీ రాత్రి రెండు గంటలకి దుప్పటి ముసుగులో, పొద్దున్నించి పోయింది రాబట్టుకోవాలని ఆడేవాడి దగ్గర ఏ నైపుణ్యం మిగులుతుంది?

మొదటిసారి నలభై వేలు. గాజులు బ్యాంకులో పెట్టి తీర్చింది. రెండోసారి లక్షన్నర, ఆమె పాడుకున్న చీటీ డబ్బు పోయింది. మూడోసారి పుట్టింటి నుంచి తెచ్చింది. ప్రతిసారీ అతను పిల్లల మీద ఒట్టేశాడు, ప్రతిసారీ ఆమె ఇదే ఆఖరనుకుంది. 2024 దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది. వాళ్ళమ్మ పసుపుకుంకుమల కింద ఇచ్చిన నూట యాభై గజాల స్థలం తాకట్టు పెట్టడానికి సంతకం చెయ్యమన్నాడట. అప్పులన్నీ ఒకేసారి తీరిపోతాయట. "ఇంత పెట్టాం అక్కా. ఇప్పుడు ఆగిపోతే పెట్టిందంతా వృథా అయిపోదూ!" అంది.

మధ్యలో పడ్డ గింజల గురించి నేను చెప్పబోతుంటే అత్తయ్యగారు నన్నాపారు. "ఇప్పటిదాకా వేసింది నీది కాదే తల్లీ, పోయిందది. ఈ సంతకం పెడితే అతను మానతాడనడానికి నీకు కనబడేదేమిటి, అది చెప్పు" అన్నారు. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఒట్లు తప్ప ఏమీ కనబడటం లేదంది. మూడుసార్లు చూసిన ముక్కే అది.

ఆమె సంతకం పెట్టలేదు. ఒక లాయరుగారిని కలిసింది. స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని 1985లోనే సుప్రీంకోర్టు తేల్చిందనీ, తను సంతకం పెట్టని, హామీ ఉండని భర్త సొంత అప్పుకి మామూలుగా భార్య బాధ్యురాలు కాదనీ ఆయన చెప్పారు. అప్పులవాళ్ళు ఫోన్లు చేస్తే "ఆయనతో మాట్లాడండి" అని పెట్టేసేది. అతను నాలుగు రోజులు అన్నం మానేశాడు, అలిగి అన్నగారింటికి వెళ్ళాడు. చుట్టాలు ఆమెనే అన్నారు. ఆమె వదిలేసింది అప్పు తీర్చడాన్నే, అతన్ని కాదు. అతను తిరిగొచ్చాక ఒక షరతు పెట్టింది. జీతం పడే ఖాతా కార్డు తన దగ్గర ఉండాలి, పదిహేను రోజులకోసారి ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళు 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలీమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆమె మొదట చేసింది దానికే.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నైపుణ్యానివైనా అదృష్టానివైనా దేశమంతటా నిషేధం. అతను ఆడుతున్న ఆటా ఆగిపోయింది. అప్పు ఆగదు కదా, నెలకి పదకొండు వేలు అతని జీతంలోంచే కడుతున్నారు. మానేశాడా అంటే మానేశాడనే అంటుంది, "ప్రస్తుతానికి" అని ఒక మాట చేరుస్తుంది. ఆ స్థలం కాగితాలు మా బీరువాలో, అత్తయ్యగారి పట్టుచీరల అడుగున ఉన్నాయి. మొన్న ఫోన్ చేసి, "తీసుకెళ్తావా?" అని అడిగాను.

"ఇంకో ఏడాది అక్కడే ఉండనీ అక్కా" అంది.